పిప్పి పన్ను: నొప్పి రాకముందే నేర్వవలసిన పాఠం

అల్లాహ్ మనకు ప్రసాదించిన అనుగ్రహాలలో కొన్నింటి విలువ అవి చేజారిన తర్వాతే తెలిసివస్తుంది. పళ్లు అలాంటి అనుగ్రహమే. ముద్ద నమిలేది వాటితోనే. మాట స్పష్టంగా పలికేది వాటి ఆసరాతోనే. దివ్య ఖురాన్ పారాయణంలో ‘సే’, ‘జాల్’, ‘జోయ్’ అక్షరాలను వాటి మఖ్రజ్ నుండి సరిగా పలకాలంటే నాలుక కొన పై వరుస ముందు పళ్ల అంచును తాకాలి. తజ్వీద్ నేర్పే ప్రతి ఉస్తాదుకూ ఈ సంగతి తెలుసు. ముందు పళ్లు పోయిన పెద్దలు ఈ అక్షరాల దగ్గర ఎంత అవస్థ పడతారో మనం మస్జిదులో చూస్తూనే ఉంటాం.

ఇంత విలువైన అనుగ్రహం విషయంలో మన ఇళ్లలో కనిపించే నిర్లక్ష్యం అంతా ఇంతా కాదు. పన్ను నొప్పితో రాత్రంతా నిద్ర పట్టనప్పుడు గాని దాని సంగతి గుర్తుకు రాదు. తెల్లవారి నొప్పి తగ్గితే మళ్లీ మరచిపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మందికి శాశ్వత దంతాలలో, 51 కోట్ల మందికి పైగా పిల్లలకు పాలపళ్లలో పిప్పి ఉంది. విచారకరమైన విషయం ఏమిటంటే, ఇందులో చాలా భాగం ముందు జాగ్రత్తతో ఆపగలిగినదే.

పిప్పి పన్ను ఎలా వస్తుంది, దాన్ని ఎలా ఆపాలి, ఈ విషయంలో దైవప్రవక్త (స) మనకు నేర్పిన అలవాట్లు ఏమిటి, వైద్యం చేయించుకునేటప్పుడు ఎదురయ్యే షరీఅత్ సందేహాలకు జవాబు ఏమిటి అన్నవి ఈ పాఠంలో వరుసగా తెలుసుకుందాం.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పంటికి మూడు పొరలు ఉంటాయి. పైన కనిపించే తెల్లని గట్టి పొర పింగాణీ. దీన్నే ఎనామెల్ అంటారు. మానవ శరీరంలో దీనికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. దాని లోపల డెంటిన్ అనే కాస్త మెత్తని పొర, అన్నిటికంటే లోపల నరాలు, రక్తనాళాలు ఉండే గుజ్జు ఉంటాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. కాని పింగాణీలో జీవకణాలు లేవు. అందువల్ల ఒకసారి గుంట పడిందంటే అది తనంతట తాను పూడదు.

మన నోటిలో ఎన్నో రకాల సూక్ష్మజీవులు నివసిస్తాయి. అవి పళ్లపై జిగురు పొరలా పేరుకుంటాయి. ఇదే పాచి. మనం తిన్న చక్కెరను, పిండి పదార్థాలను ఈ పాచిలోని సూక్ష్మజీవులు తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పింగాణీలోని ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అయితే అల్లాహ్ దీనికి విరుగుడు కూడా మన నోటిలోనే పెట్టాడు. అదే లాలాజలం. అది ఆమ్లాన్ని పలుచన చేసి, విరిచి, కరిగిన ఖనిజాలను తిరిగి పంటికి చేరుస్తుంది. ఇందుకు దానికి సుమారు అరగంట నుండి గంట వ్యవధి కావాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎంత తీపి తిన్నామన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. ఒకతను భోజనం తర్వాత ఒక్కసారి డబుల్ కా మీఠా తిని నోరు కడుక్కున్నాడు. అతని లాలాజలానికి కోలుకునే సమయం దొరికింది. మరొకతను మీఠా జోలికే పోడు. కాని పొద్దుటి నుండి రాత్రి వరకు ఏడెనిమిది సార్లు చక్కెర చాయ్, దానితో బిస్కెట్, మధ్యలో చాక్లెట్, తీపి వక్కపొడి. అతని పళ్లు రోజంతా ఆమ్లంలో నానుతూనే ఉన్నాయి. పిప్పి పన్ను ముందు వచ్చేది ఈ రెండో అతనికే.

తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్న అర్థం వచ్చే ఆజ్ఞ దివ్య ఖురాన్‌లో ఆరాఫ్ సూరా 31వ ఆయత్‌లో ఉంది. ఆ మితం పరిమాణానికే కాదు, మాటిమాటికి నోరాడించే అలవాటుకు కూడా వర్తింపజేసుకుంటే పళ్లకు ఎంతో మేలు.

పంటిలో పురుగు ఉంటుందా?

పన్ను పుచ్చితే ‘పురుగు పట్టింది’ అంటాం. మాటవరసకు అంటే ఫరవాలేదు. కాని నిజంగానే లోపల పురుగు ఉందని నమ్మి, సంతలో పసరు పోసి పురుగులు తీస్తామనే వారి దగ్గరికి వెళ్లేవారు ఇంకా ఉన్నారు. ఈ నమ్మకం చాలా పాతది. ప్రాచీన బాబిలోనియా కాలం నుండి ఉంది. గొప్ప వైద్యుడైన ఇబ్నె సీనా కూడా తన కాలపు వైద్యుల మాదిరిగానే పంటి పురుగుకు పొగ వైద్యం గురించి రాశాడు. అయితే 13వ శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన అల్ జౌబరీ ప్రజలను మోసగించేవారి గుట్టు విప్పుతూ ఒక గ్రంథం రాసి, అందులో పంటి పురుగులు తీసేవారి హస్తలాఘవాన్ని కూడా బయటపెట్టాడు. 1728లో ఫ్రాన్స్ దేశపు దంతవైద్యుడు పియర్ ఫోషార్ ఈ పురుగు సిద్ధాంతాన్ని తిరస్కరించాడు. 1890లో మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు నోటిలోని సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లమే అసలు కారణమని వివరించాడు.

కనుక బయటికి తీసి చూపించే ఆ పురుగులు పంటిలోవి కావు. ఆ పసరు వల్ల చిగుళ్లు కాలడం తప్ప మరో ప్రయోజనం లేదు.

దైవప్రవక్త (స) నేర్పిన అలవాట్లు

ఇప్పుడు మన ప్రవక్త (స) జీవితం వైపు చూద్దాం. సూక్ష్మజీవుల మాట ప్రపంచానికి తెలియని ఆ కాలంలో ఆయన తన సహచరులకు ఎలాంటి అలవాట్లు నేర్పారో గమనించండి.

మొదటిది: తిన్న తర్వాత పుక్కిలించడం. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) కథనం ప్రకారం దైవప్రవక్త (స) పాలు త్రాగి, నీళ్లతో పుక్కిలించి, పాలలో జిడ్డు ఉంటుందని కారణం కూడా చెప్పారు (బుఖారి, ముస్లిం). ఖైబర్ ప్రయాణంలో జరిగిన మరో సంఘటనను హజ్రత్ సువైద్ బిన్ నూమాన్ (రజి) తెలియజేశారు. సహ్‌బా అనే చోట ఆగి అసర్ నమాజు చేసిన తర్వాత ఆహారం తెమ్మన్నారు. ‘సవీఖ్’ తప్ప మరేమీ లేదు. సవీఖ్ అంటే వేయించి విసిరిన ధాన్యపు పిండి, మన పేలపిండి లాంటిది. దాన్ని తడిపి అందరూ తిన్నారు. మగ్రిబ్ నమాజుకు లేచినప్పుడు దైవప్రవక్త (స) పుక్కిలించారు, సహచరులూ పుక్కిలించారు. కొత్తగా వుజూ చేయకుండానే నమాజు చేశారు (బుఖారి). అంటే వుజూ కోసం కాదు, నోటిలో మిగిలిన పిండి పోవడానికే ఆ పుక్కిలింత. పంటి సందుల్లో ఇరుక్కుని పాచికి ఆహారంగా మారేది ఇలాంటి మెత్తని పిండే.

రెండవది: మిస్వాక్. తన సమాజానికి కష్టమవుతుందన్న ఆలోచన లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించి ఉండేవాణ్ణని ఆయన (స) చెప్పిన విషయం హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా మనకు చేరింది (బుఖారి, ముస్లిం). మిస్వాక్ నోటిని శుభ్రపరుస్తుందనీ, ప్రభువు ప్రసన్నతకు కారణమవుతుందనీ హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (నసాయి). ఇంట్లోకి రాగానే ఆయన (స) చేసే మొదటి పని మిస్వాక్ అని కూడా ఆమె తెలిపారు (ముస్లిం).

మూడవది: రాత్రి వేళ శుభ్రత. దైవప్రవక్త (స) రాత్రి నిద్ర లేచినప్పుడు మిస్వాక్‌తో నోరు శుభ్రం చేసుకునేవారని హజ్రత్ హుజైఫా (రజి) చెప్పారు (బుఖారి, ముస్లిం). నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పళ్లకు కాపలా ఉండదు. అందుకే ఈనాటి దంతవైద్యులు రాత్రి పడుకునే ముందు పళ్లు తోముకోవడమే అన్నిటికంటే ముఖ్యమని చెబుతారు.

ఆయన (స) అంతిమ ఘడియలను గుర్తు చేసుకోండి. హజ్రత్ ఆయిషా (రజి) ఒడిలో ఆనుకుని ఉన్న సమయంలో ఆమె సోదరుడు అబ్దుర్రహ్మాన్ (రజి) చేతిలో మిస్వాక్ కనిపించింది. ఆయన చూపును ఆమె గ్రహించి, ఆ పుల్లను తీసుకుని నమిలి మెత్తబరిచి అందించారు. ఆయన దానితో పళ్లు శుభ్రం చేసుకున్నారు (బుఖారి). లోకం విడిచి వెళ్లే వేళ కూడా వదలని అలవాటును మనం ఆరోగ్యంగా ఉండి, తీరిక ఉండి వదిలేస్తే ఏమని సమాధానం చెప్పగలం?

మిస్వాక్ ఉంటే బ్రష్ ఎందుకు?

ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. జవాబు సులభం. మిస్వాక్ సున్నత్. దాని ఉద్దేశం నోటి శుభ్రత. ఆ ఉద్దేశాన్ని మరింత బాగా నెరవేర్చే వస్తువు ఏదైనా సున్నత్‌కు వ్యతిరేకం కాదు. మిస్వాక్ చేసే పీలూ చెట్టు పుల్లలో సూక్ష్మజీవులను అణచే గుణాలు ఉన్నాయి. అది ఆచారంలో ఉన్న ప్రాంతాలలో దాని వాడకాన్ని 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించింది. పీలూ దొరకనిచోట మన ఊళ్లలో వేపపుల్ల, కానుగపుల్ల వాడటం తరతరాలుగా ఉన్నదే.

అయితే పుల్లను జేబులో పెట్టుకుని, జమాత్ నిలబడే ముందు ముందు పళ్లపై రెండుసార్లు ఆడించి మళ్లీ జేబులో పెట్టేస్తే దాని ఉద్దేశం నెరవేరదు. పుల్ల కొనను నమిలి కుంచెలా మెత్తగా చేసుకోవాలి. పళ్ల బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు, చిగుళ్ల అంచుల దాకా నెమ్మదిగా తోమాలి. అరిగిన పోగులను రోజూ కత్తిరించి కొత్త కొన తీసుకోవాలి. పుల్ల వెనక దవడ పళ్లకు, వాటి లోపలి వైపుకు సరిగా అందదు. పిప్పి ఎక్కువగా వచ్చేది అక్కడే. కాబట్టి నమాజు వేళల్లో మిస్వాక్, ఉదయం, రాత్రి రెండు నిమిషాల చొప్పున బ్రష్ అన్న పద్ధతి పెట్టుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

బ్రష్‌తో వాడే పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. కరిగిన ఖనిజం తిరిగి పంటికి చేరడానికి అది తోడ్పడుతుంది. ఫ్లోరైడ్ పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ‘ఫ్లోరైడ్’ అన్న మాట వినగానే నల్గొండ, ప్రకాశం జిల్లాల సోదరులు ఉలిక్కిపడటం సహజం. బోరు నీళ్లలో మోతాదు మించిన ఫ్లోరైడ్ పళ్లపై మరకలు తెచ్చి, ఎముకలను వంచిన దుస్థితి వారు కళ్లారా చూశారు. ఆ ఎముకల వ్యాధి గురించి 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుండి వైద్యులు రాశారు. కాని నీళ్లతో పాటు ఏళ్ల తరబడి కడుపులోకి పోయే ఫ్లోరైడ్ వేరు, పంటికి రాసి ఉమ్మివేసే కొద్దిపాటి ఫ్లోరైడ్ వేరు. ఆ ప్రాంతాలలో త్రాగునీటిని పరీక్ష చేయించుకోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించితే ఆ నీటిని త్రాగటానికి, వంటకు వాడకూడదు. పిల్లలు పేస్టు మింగకుండా చూడాలి.

ఇటుకపొడి, బొగ్గు, ఉప్పుతో గట్టిగా రుద్దితే పింగాణీ అరిగిపోతుంది. పొగాకు కలిసిన పొడితో తోముకోవడం మరీ ప్రమాదం. అది నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

పిల్లల పళ్లు, పెద్దల బాధ్యత

ప్రతి ఒక్కరూ తన సంరక్షణలో ఉన్నవారి విషయమై ప్రశ్నించబడతారన్న ప్రవక్త (స) బోధనను మనం తరచుగా వింటాం (బుఖారి, ముస్లిం). పిల్లల పళ్లు కూడా ఆ సంరక్షణలోనివే.

‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అనే మాట దాదీమా నుండి, నానీమా నుండి వింటూ ఉంటాం. ప్రేమతో అన్న మాటే అయినా అది సరికాదు. 20 పాలపళ్లు కింద పెరుగుతున్న శాశ్వత దంతాలకు చోటు కాచి ఉంచుతాయి. అవి పుచ్చి ముందే ఊడితే పక్క పళ్లు జరిగి, కొత్త పళ్లు వంకరగా వస్తాయి. నొప్పితో పిల్లవాడు తినడు, నిద్రపోడు, సబఖ్ మీద మనసు పెట్టడు.

చక్కెర కలిపిన పాల సీసాను నోట్లో పెట్టి పసివాణ్ణి నిద్రపుచ్చే అలవాటు అన్నిటికంటే హానికరం. రాత్రంతా తీపి పాలు పై ముందు పళ్ల చుట్టూ నిలిచి, రెండేళ్లు నిండకముందే అవి నల్లబడి విరిగిపోతాయి. ఏడుపు మానడానికి పాలపీకకు తేనె రాయడం కూడా ఇలాంటిదే. పైగా ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే పెట్టకూడదని వైద్యులు చెబుతారు.

మొదటి పన్ను కనిపించిన రోజు నుండే శుభ్రం చేయడం మొదలుపెట్టాలి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ల వారికి బఠానీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తల్లిదండ్రులే దగ్గరుండి తోమించాలి.

మరొక ముఖ్య విషయం చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్లన్నిటి వెనక, రెండు దవడల్లో రెండు వైపులా, ఒక్కొక్క పెద్ద పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కనుక దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. కాని అది జీవితాంతం ఉండవలసిన శాశ్వత దంతం. అది పోతే మళ్లీ రాదు. మన పిల్లలను ఏడేళ్లకు నమాజు చేయమని చెప్పే వయసు, ఈ దంతాన్ని కాపాడవలసిన వయసు దాదాపు ఒకటే. వుజూ నేర్పేటప్పుడే ఆ వెనక పన్ను దాకా ఎలా శుభ్రం చేసుకోవాలో కూడా నేర్పండి.

రమజాన్ నెలలో

ఇఫ్తార్ నుండి సెహ్రీ వరకు ఖర్జూరాలు, షర్బత్, మీఠా సాగుతూనే ఉంటాయి. సెహ్రీ ముగించి అలాగే పడుకుంటే పగలంతా ఆ మిగులు నోటిలోనే ఉంటుంది. ఖర్జూరం పంటికి అంటుకుంటుంది కనుక ఇఫ్తార్ చేయగానే నీళ్లు త్రాగి పుక్కిలించండి. సెహ్రీ సమయం ముగియడానికి కొన్ని నిమిషాల ముందే తినడం ఆపి బ్రష్ చేసుకోండి.

రోజాలో మిస్వాక్ చేయవచ్చు. హనఫీ ఫిఖ్‌లో దీనికి ఉదయం, సాయంత్రం అన్న తేడా లేదు. పేస్టు రుచి గొంతులోకి దిగే భయం ఉంటుంది కనుక పగలు దాన్ని వాడకపోవడమే మంచిదని ఉలమా చెబుతారు.

వైద్యం, షరీఅత్ సందేహాలు

పన్నుకు సిమెంటు నింపిస్తే గుసుల్ నెరవేరదేమో అన్న భయంతో వైద్యం మానుకున్నవారు ఉన్నారు. హనఫీ ఫిఖ్ ప్రకారం గుసుల్‌లో నోటిలోపల నీళ్లు చేరడం ఫర్జ్ కనుక ఈ సందేహం కలుగుతుంది. కాని తీయడానికి వీలులేకుండా అతికిన సిమెంటు, తొడుగు పంటిలో భాగం లాంటిదే. దానిపై నీళ్లు పారితే గుసుల్ నెరవేరుతుందని ఉలమా స్పష్టం చేశారు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు మాత్రం గుసుల్ సమయంలో తీసి పుక్కిలించాలి. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి)కు బంగారు ముక్కు పెట్టించుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు (అబూ దావూద్, తిర్మిజీ). అవసరం ఉన్నచోట షరీఅత్ ఇరుకున పెట్టదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రోజాలో పన్ను నొప్పి వస్తే ఏం చేయాలి? పన్నును తొలచడం, పీకడం, శుభ్రం చేయించుకోవడం వల్ల, గొంతులోకి ఏదీ మింగకుండా జాగ్రత్తపడితే, రోజా భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో జిద్దా సమావేశంలో తీర్మానించింది. వీలైతే ఇఫ్తార్ తర్వాత చేయించుకోవడం జాగ్రత్త.

ఈ గుర్తులను తేలికగా తీసుకోకండి

పిప్పి మొదలయ్యేటప్పుడు పన్నుపై సున్నంలాంటి తెల్లమచ్చ కనిపిస్తుంది. ఈ దశలో శుభ్రత పాటించి, తీపి తగ్గించి, ఫ్లోరైడ్ వాడితే గుంట పడకుండానే ఆగిపోవచ్చు. తర్వాత గుంట పడుతుంది. చల్లనివి, తీపివి తాకితే జివ్వుమంటుంది. అప్పుడు చిన్న ఖర్చుతో సిమెంటు నింపితే సరిపోతుంది. ఇంకా ఆగితే గుజ్జుకు సోకి రాత్రిళ్లు పోటు మొదలవుతుంది. అప్పుడు రూట్ కెనాల్ చేయించాలి, లేదా పన్ను పీకించాలి.

భరించలేని నొప్పి ఒక్కసారిగా మాయమైతే రోగం తగ్గిందని సంతోషించకండి. లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. చీము లోలోపల పాకుతూనే ఉంటుంది. లవంగ నూనె కాసేపు నొప్పిని మరిపిస్తుందే గాని పిప్పిని మాన్పదు. చిగురుపై నొప్పి మాత్ర పెడితే చిగురు కాలుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటిబయాటిక్ గుంటను పూడ్చదు. ముఖం వాచి, వాపు గొంతు వైపు దిగి, జ్వరం, మింగటం కష్టం, ఊపిరి ఇబ్బంది ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. అది ప్రాణాపాయ స్థితి. గర్భవతులు కూడా తమ స్థితిని చెప్పి పంటి వైద్యం చేయించుకోవచ్చు. పురుడు అయ్యేదాకా ఆగనవసరం లేదు.

ప్రతి రోగానికీ అల్లాహ్ మందును సృష్టించాడు కనుక వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) బోధించారు (అబూ దావూద్). కనుక వైద్యుని దగ్గరికి వెళ్లడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

ఈ రోజు నుండే

పాఠకులారా! రోజుకు అయిదు వుజూలు, ప్రతి వుజూలో మూడు పుక్కిలింతలు. అంటే రోజుకు 15 సార్లు నోరు కడిగే ఏర్పాటు మన దీన్‌లోనే ఉంది. దాన్ని హడావిడిగా ముగించకుండా, నోరంతా నీళ్లు తిరిగేలా చేయండి. అయితే నీళ్లు ఆహారపు మిగులును కడుగుతాయి గాని పాచిని ఊడదీయలేవు. అందుకు మిస్వాక్, బ్రష్ కావాలి. తీపి భోజనంతోపాటే ముగించండి. మధ్యలో దాహం వేస్తే నీళ్లే త్రాగండి. ఇషా తర్వాత ఇంటిల్లిపాదీ పళ్లు తోముకున్నాక నీళ్లు తప్ప మరేదీ నోట పెట్టకండి. ఈ రాత్రే మీ పిల్లలను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించి వెనక పళ్లు చూడండి. మచ్చగాని, గుంటగాని కనిపిస్తే నొప్పి కోసం ఎదురు చూడకుండా దంతవైద్యునికి చూపించండి.

తన స్మరణలో కదిలే మన నోళ్లను పరిశుభ్రంగా ఉంచుకునే సద్బుద్ధిని, ఆయన ఇచ్చిన అమానతులను కాపాడుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.